చెయ్యి ఒక్కటే మిగిలిన ఫోటో

కిందటి వారం మన టైమ్‌కీపర్‌ని బస్సులో కూర్చోబెట్టి వదిలేశాం. ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పాత దుప్పటి ముక్కలో చుట్టిన ఫోటో ఫ్రేము. ఆరేళ్ళుగా మాటల్లేని చెల్లెలు బుధవారం నాడు ఫోన్ చేసిందనీ, "ఆదివారం కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి అమ్మాయి ఉన్న ఊరికి వెళ్ళిపోతున్నాం, ఒక్కసారి వచ్చి కనిపించు అన్నయ్యా" అని అడిగిందనీ చెప్పుకున్నాం. దానికి ఈయనగారి జవాబు కూడా చెప్పుకున్నాం. "ముందు నీ కూతురి పెళ్ళి ఫోటోలోంచి నన్ను కోయించింది ఎవరో చెప్పు, రావడం సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఎవరూ కోయించలేదని ఆవిడ మొత్తుకుంది. చివరికి విసిగిపోయి, "నా మాట నమ్మకపోతే ఆ ప్రింటు వేసిన ల్యాబ్ వాళ్ళనే అడుగు, కాయితం వెనకాల ముద్ర ఉంటుంది" అని పెట్టేసింది.

తాడో పేడో తేల్చుకుందామని బయల్దేరాడు. ఇవాళ శుక్రవారం. మధ్యలో ఉన్నది ఒక్క శనివారం.

బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషి. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో, ఎన్ని నిమిషాలు ముందు వెళ్ళిందో పుస్తకంలో రాయడం ఉద్యోగం. రిటైరయ్యాక ఉద్యోగం పోయింది గానీ పేరు పోలేదు. వీధిలో అందరికీ ఇప్పటికీ టైమ్‌కీపరే. పొద్దున ఐదున్నరకి లేచి, తొమ్మిదిన్నరకల్లా వంటా వార్పూ, గిన్నెలూ బట్టలూ అన్నీ అవగొట్టుకుని, మిగిలిన రోజంతా ఏం చెయ్యాలో తెలియక కుర్చీలో కూర్చుంటాడు. ఇల్లాలు పోయి రెండేళ్ళు. ఆవిడ పోయిన రోజు చెల్లెలు వచ్చి గుమ్మం పక్కన నిలబడి ఏడ్చి వెళ్ళింది. ఈయన తలెత్తి చూడలేదు. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. మూడు కాళ్ళ కుందేలుతో ఒంటరిగా కాపురం చెయ్యడం ఎంత కష్టమో ఆయనకి ఈ రెండేళ్ళలో బాగానే తెలిసింది. అయినా ఒప్పుకోడు.

ల్యాబ్ ఒక పక్కవీధిలో, తాళంచెవులు చేసేవాడి కొట్టుకీ, మూతపడ్డ చెప్పుల దుకాణానికీ మధ్య ఉంది. అద్దం తలుపు తోసుకుని లోపలికి వెళితే గోడ నిండా ఫ్రేములు, ఫ్రేముల నిండా ఎవరెవరివో నవ్వుముఖాలు. గదిలో సగాన్ని ప్రింటింగ్ మెషీనే ఆక్రమించింది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. కౌంటరు వెనకాల నలభై అయిదేళ్ళావిడ కళ్ళజోడు నెత్తి మీదకి తోసుకుని, అట్టముక్కలు కత్తిరించుకుంటూ కూర్చుంది. ఆవిడ తప్ప కొట్టులో పురుగు లేదు.

"ఏం కావాలి సార్? పాస్‌పోర్టు ఫోటోనా?"

"జవాబు కావాలి."

ఆవిడ కత్తెర కింద పెట్టి ఆయన్ని ఎగాదిగా చూసింది. "జవాబులు ఇక్కడ ప్రింటు చెయ్యం సార్. ముందు కూర్చోండి, ఎండన పడి వచ్చినట్టున్నారు."

ఆయన కూర్చోలేదు. సంచిలోంచి ఫ్రేము తీసి, దుప్పటి ముక్క విప్పి, కౌంటరు మీద పెట్టాడు.

పెళ్ళివాళ్ళ గుంపు ఫోటో. మధ్యలో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. కుడివైపు కొసన ఎవరి చంకలోనో చంటిపిల్ల. ఎడమవైపు కొసన టైమ్‌కీపర్ చెల్లెలు. ఆవిడ భుజం మీద ఒక చెయ్యి. మణికట్టు దాకా ఉంది, ఆ తర్వాత ఫ్రేము కర్ర. చెయ్యి గల మనిషి లేదు.

ల్యాబ్ ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకుంది. "ఈ చెయ్యెవరిది?"

"మా ఆవిడది."

"ఆవిడేరీ?"

రెండేళ్ళుగా ఆ ప్రశ్నకి చెప్పవలసి వస్తున్న జవాబు చెప్పడం ఇష్టం లేకపోయింది ఆయనకి. "అదే నేనూ అడుగుతున్నాను. ఆవిడ పక్కన నేనుండాలి. ఇద్దర్నీ కోసేశారు. కోసేసి, ఫ్రేము కట్టించి, మా ఇంటికే కానుకగా పంపించారు. ఎవరు కొయ్యమన్నారో నాకు తెలియాలి. మా చెల్లెలా, దాని మొగుడా? దాచకుండా చెప్పు అమ్మా, నేను గొడవ చెయ్యను. తెలుసుకుని వెళ్ళిపోతాను."

గొడవ చెయ్యననే మనిషి గొంతు అప్పటికే వీధిలోకి వినిపిస్తోంది. పక్కకొట్టు తాళాలవాడు ఆకురాయి ఆపి ఇటు తొంగి చూశాడు.

ఆవిడ ఫ్రేము బోర్లించి, వెనక మేకులు వంచి, అట్ట తీసింది. ఫోటో వెనకాల ముద్ర ఉంది, ముద్ర కింద ఆర్డరు నంబరు. నంబరు చూసి బల్ల కింద నుంచి అట్టపెట్టె లాగింది. అందులో పాత హార్డ్‌డిస్కులు, ఒక్కోదానికీ ఏ సంవత్సరానివో కాయితం అంటించి ఉంది.

"మా ఇంట్లోవాళ్ళు వీటిని పారెయ్యమని పోరు పెడతారు," అంది వెతుకుతూ. "ఎవరికి ఎప్పుడు ఏ ఫోటో కావాల్సి వస్తుందో తెలీదు కదా. ఇదివరకు అయిదుగురం పనిచేసేవాళ్ళం సార్ ఇక్కడ. ఇప్పుడు అందరి ఫోటోలూ జేబుల్లోనే పుట్టి జేబుల్లోనే పోతున్నాయి. నేనొక్కదాన్నే మిగిలాను."

డిస్కు కంప్యూటరుకి తగిలించి, అది తెరుచుకునే లోపు స్కేలు తీసి ఫోటో కొలిచింది. "ఎనిమిది బై పది. నేననుకున్నదే. సార్, మీ కోపం తర్వాత, ముందు ఇది చూడండి." ఇందాక కత్తిరించిన అట్టముక్కల్లోంచి రెండు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి పొడుగ్గా ఉంది, ఒకటి కాస్త పొట్టిగా. "పెద్ద కెమెరా తీసే బొమ్మ మూడుకి రెండు లెక్కలో ఉంటుంది. ఎత్తు ఎనిమిది అంగుళాలైతే వెడల్పు ఎంత రావాలి?"

"పన్నెండు."

"కాయితం పది."

"రెండంగుళాలు తక్కువ," అన్నాడు టైమ్‌కీపర్. లెక్కలో ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

"మీరూ, మీ ఆవిడా ఆ రెండంగుళాల్లో ఉన్నారు."

ఆయన అట్టముక్కల వంకే చూశాడు. "కాయితం పొట్టిదైతే మనుషుల్ని తీసేస్తారా?"

"మంచం పొట్టిదైతే కాళ్ళు ముడుచుకోవచ్చు. ఫోటో ముడుచుకోదు సార్. కాయితం నిండా బొమ్మ రావాలంటే అంచులు పోవాలి. అంచులు పోకూడదంటే పైనా కిందా తెల్ల పట్టీలు వదలాలి. పట్టీలు వదిలితే, ఇదేంటమ్మా కాయితం నిండా రాలేదు అని పోట్లాటకొస్తారు జనం. అందుకని మెషీన్ని ఎప్పుడూ నిండా వేసేట్టే పెట్టి ఉంచుతాం. మీ ఒక్కరికే కాదు, ఈ ఊళ్ళో సగంమంది పెళ్ళిళ్ళలో చివర నిలబడ్డవాళ్ళకి ఇదే గతి."

మరొకడైతే అక్కడితో చల్లబడేవాడు. టైమ్‌కీపర్ చల్లబడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు డ్రైవర్లు చెప్పే సాకులు విన్న చెవులవి.

"రెండంగుళాలు పోవాలంటే ఇటో అంగుళం, అటో అంగుళం పోవాలి," అన్నాడు వేలితో ఫోటో రెండు కొసలూ చూపిస్తూ. "అదీ న్యాయం. అటువైపు చూడు, చంటిపిల్ల బొటనవేలితో సహా ఉంది. పోయిన రెండూ ఇటే పోయాయి. ఎవరో కావాలని ఇటు తోస్తే తప్ప అలా పోదు. అవునా, కాదా?"

ఆవిడ ఫోటో వంక చూసి, ఆయన వంక చూసి, "అవును," అంది. "ఎవరో తొయ్యాలి."

ఆరేళ్ళుగా ఆయన ఎదురుచూసిన మాట. వినగానే ఛాతీ పొంగుతుందనుకున్నాడు. పొంగలేదు. ఇందాక వద్దన్న కుర్చీలోనే కూర్చున్నాడు. అంటే చెల్లెలు అబద్ధమాడింది. తను ఎత్తుకుని తిప్పిన పిల్ల, తను సైకిలు నేర్పిన పిల్ల. ఇంక శనివారం లేదు, ఆదివారం లేదు, తిన్నగా ఇంటికి వెళ్ళి కుర్చీలో కూర్చోవడమే.

అప్పుడు తెర మీద ఫోటో తెరుచుకుంది. అసలుది, మొత్తంది.

ల్యాబ్ ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ కుడివైపు కొస దగ్గర ఆగింది. చంటిపిల్ల తల సరిగ్గా అంచుకి ఆనుకుని ఉంది.

"సార్," అంది మెల్లగా. "ఇది చేసింది నేను."

"ఎవరు చెప్తే చేశావు?"

"ఎవరూ చెప్పలేదు. ఆర్డరు చూడండి, ఎనిమిది బై పది, పన్నెండు కాపీలు, అంతే ఉంది. మధ్యకి పెట్టి వేస్తే అటువైపు పిల్ల తల సగానికి పోతుంది. పిల్లల తలలు కొయ్యను నేను, మొదట్నించీ నాకున్న పట్టింపు. అందుకని బొమ్మని జరిపాను. ఇటు చివర ఒక పెద్దాయన, పెద్దావిడ కనిపించి ఉంటారు. పిల్లా, పెద్దవాళ్ళా అని చూసుకుని ఉంటాను. ఆ రోజుల్లో రోజుకి ఆరేడు వందల ఫోటోలు వచ్చేవి సార్. ఒక్కోదానికీ రెండు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో మిమ్మల్ని తీసేశాను. ఫోన్ చేసి వాళ్ళని అడగాల్సింది. అడగలేదు. తప్పు నాది."

ఆరేళ్ళ కోపానికి ఆఖర్న తేలింది ఇదీ. కొండను తవ్వి ఎలకను పట్టినట్టు. చెల్లెల్ని అనుమానించాడు, బావని అనుమానించాడు, పెళ్ళికొడుకు తరపువాళ్ళని, ఫోటోగ్రాఫరుని, చివరికి ఫ్రేము కట్టినవాడిని కూడా అనుమానించాడు. ముక్కూ ముఖం తెలియని ఒకావిడ చంటిపిల్ల తల కాపాడ్డం కోసం తనని పక్కకి తోసిందని మాత్రం ఏ రాత్రీ తోచలేదు. తనే అయినా అదే చేసేవాడు. అది తెలిసొచ్చేసరికి ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"మరి ఆల్బం చూసుకోలేదా మీరు?" అంది ఆవిడ. "ఆల్బంలో పెట్టేవి నాలుగు బై ఆరు. ఆరుకి నాలుగన్నా మూడుకి రెండన్నా ఒకటే లెక్క. ఆ సైజులో వెంట్రుకంత కూడా పోదు. ఇదే ఫోటో అందులో మొత్తం ఉంటుంది. మీరు నిక్షేపంగా ఉంటారు."

ఆల్బం వచ్చింది, చూద్దువుగాని రమ్మని చెల్లెలు రెండుసార్లు కబురు పెట్టింది. ఫ్రేము ఫోటో చూసిన మర్నాడొకసారి, ఆ పై నెలలో మరోసారి. ఆల్బంలో ఇంకెన్నిచోట్ల కోశారో చూసుకోవడానికి రావాలా అని కబురు తెచ్చిన మనిషి మీద ఎగిరాడు. ఈ ఆరేళ్ళూ ఆ ఇంట్లో, ఆ ఆల్బంలో తను చెక్కుచెదరకుండా నిలబడే ఉన్నాడన్నమాట. వెళ్ళి చూడనిది తనే.

"ఆ చివర కాస్త దగ్గరగా చూపిస్తావా అమ్మా," అన్నాడు.

ఆవిడ ఎడమ కొసని పెద్దది చేసింది. ముందు ఈయన ముఖం వచ్చింది, బస్సు పావుగంట ఆలస్యమైనట్టు. ఇంకొంచెం జరిపింది. ఇల్లాలు వచ్చింది.

ఇంట్లో ఆవిడది ఒకే ఒక్క ఫోటో ఉంది. ఏదో కార్డు కోసం తీయించుకున్న స్టాంపు సైజుది. ఆవిడ పోయినప్పుడు దాన్ని పెద్దది చేయిస్తే ముఖమంతా గళ్ళుగళ్ళుగా వచ్చింది. దగ్గరికి వెళ్ళిన కొద్దీ మనిషి మాయమైపోయేది. రెండేళ్ళుగా ఆయన ఆ ఫోటోని గదికి ఇవతలి గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఇక్కడ తెర మీద ఆవిడ కనుబొమ కింద పుట్టుమచ్చ ఉంది. చెవి దగ్గర తెల్లబడ్డ నాలుగు వెంట్రుకలు ఉన్నాయి. కెమెరా వంక కాకుండా మొగుడి వంక తిరిగి ఉంది, పెదవులు సగం తెరుచుకుని ఉన్నాయి. ఏదో అంటోంది.

ఏమందో ఆయనకి జ్ఞాపకమొచ్చింది. "కాస్త నవ్వితే మీ సొమ్మేం పోయింది" అంది. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ఆవిడే నవ్వింది దాని గురించి. పది రోజుల తర్వాత చెయ్యి ఒక్కటే ఉన్న ఫోటో వచ్చినప్పుడూ నవ్వింది. "నా చెయ్యైనా దక్కింది లెండి, మీకదీ లేదు" అంది. ఆయనకి అప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. పరాయి కొట్టులో, పట్టపగలు, తాళాలవాడు తొంగి చూస్తుండగా, జేబురుమాలు వెతుక్కుని మరీ ఏడ్చాడు.

ల్యాబ్ ఆవిడ లేచి మెషీను మీద గుడ్డ తీసి, స్విచ్చి వేసి, ఆయనకి వీపు పెట్టి నిలబడింది. "వేడెక్కడానికి అరగంట పడుతుంది సార్. తొందరేం లేదు," అంది.

కాసేపటికి ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది నాకొకటి వేసివ్వు."

"ఏ సైజు?"

"ఎవర్నీ కొయ్యకుండా."

"అయితే ఎనిమిది బై పన్నెండు." ఆవిడ మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుని పాత ఆర్డరు తెరిచింది. చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. "సార్, ఇది ఆ సైజులో ఒకసారి వేశాం."

"ఎప్పుడు?"

"ఆ పన్నెండు కాపీలూ వెళ్ళిన మూడో వారంలో. ఒక్క కాపీ. అప్పుడు కౌంటరు దగ్గర నేను లేనట్టున్నాను." తెర ఆయన వైపు తిప్పింది. "పేరు దగ్గర టైమ్‌కీపర్ గారి భార్య అని ఉంది. పక్కన గమనిక కూడా రాయించారు చూడండి."

ఆయన దగ్గరికి వంగి చదివాడు. అంచులు పోకూడదు, ఆయన చివర్లో ఉన్నారు. అని ఉంది. దాని పక్కనే, తీసుకెళ్ళారు, అని ఉంది.

"ఆవిడ తీసుకెళ్ళారంటే ఇంట్లో ఉండాలి కదా సార్?"

ఇంట్లో లేదు. ఆవిడ పోయాక బీరువాలన్నీ, పెట్టెలన్నీ ఈయనే సర్దాడు. లేదు. లేదు గానీ, ఒక సాయంత్రం మాత్రం ఉంది. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చూస్తున్నాడు. ఆవిడ ఎక్కడికో వెళ్ళి వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా, చేతిలో ఒక పొడుగాటి కవరు పట్టుకుని ఎదురుగా నిలబడింది. "ఒక్క నిమిషం ఇటు చూడండి, ఆ ఫోటో సంగతి కనుక్కుని వచ్చాను" అంది. "ఆ ఇంటి ఊసు ఈ ఇంట్లో ఎత్తొద్దని చెప్పానా లేదా" అన్నాడు ఆయన, పేపరు దించకుండానే. ఆవిడ కాసేపు అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి వంట ఎప్పటిలాగే చేసింది. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆవిడ అడిగింది ఒక్క నిమిషం. జీవితమంతా ఊరి వాళ్ళ నిమిషాలు లెక్కగట్టిన మనిషి, ఆ ఒక్కటీ ఇవ్వలేకపోయాడు.

మెషీను వేడెక్కుతూ ఉండగా టైమ్‌కీపర్ అద్దం తలుపు తోసుకుని బయటికొచ్చి, మూతపడ్డ చెప్పుల దుకాణం మెట్టు మీద కూర్చుని, చెల్లెలికి ఫోన్ కలిపాడు. మూడుసార్లు మోగింది.

"చెప్పు అన్నయ్యా." గొంతు డొల్లగా, గది ఖాళీ అయిపోయినట్టుగా వినిపించింది. "తేలిందా, కోయించింది నేనో కాదో?"

"ల్యాబ్ ఆవిడే పొరపాటున చేసింది. నువ్వు కాదు."

"సంతోషం. ఆరేళ్ళకి నిర్దోషినయ్యాను."

"మీ వదిన పెద్ద ప్రింటు ఒకటి వేయించిందట. మొత్తం ఉన్నది. అది మా ఇంట్లో లేదు."

"మీ ఇంట్లో ఎందుకుంటుంది? నా దగ్గరుంది. మా పడకగదిలో, ఇవాళ్టి దాకా. పొద్దునే దించి పెట్టెలో పెట్టాను."

"నీకెప్పుడిచ్చింది?"

"ఒక మంగళవారం."

"ఏ మంగళవారం?"

"నీకు నిజంగానే తెలీదా అన్నయ్యా? వదిన ప్రతి మంగళవారం వచ్చేది. తను చనిపోయే నెల దాకా వచ్చింది."

ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆవిడ కుట్టు క్లాసుకి వెళ్ళేది. ఆయనకి తెలిసిందదీ. నాలుగేళ్ళు కుట్టు నేర్చుకున్న మనిషి ఇంట్లో ఒక్క బొత్తాం కుట్టిన పాపాన పోలేదు. అదేమిటని ఆయనకి ఒక్కనాడూ అనుమానం రాలేదు. వీధి చివర్న కనపడని బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పగలడు గానీ, పక్కనున్న మనిషి ఎక్కడికి వెళ్ళొస్తోందో అడగలేదు.

"నాతో చెప్పొచ్చు కదా," అన్నాడు. "మళ్ళీ ఇంకోసారి చెప్పి చూడొచ్చు కదా."

"నేనూ అదే అన్నాను. చెప్పు వదినా, వినకపోతాడా అన్నాను. 'చెప్తే ఈ మంగళవారాలు కూడా పోతాయి, ఉన్నవి ఉండనీ' అంది."

వీధిలో ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు. తాళాలవాడు పని మొదలుపెట్టాడు. టైమ్‌కీపర్ మెట్టు మీద అలాగే కూర్చున్నాడు. తన ఇంట్లో తనతో ముప్పై ఏళ్ళు ఉన్న మనిషి తనకి భయపడి, వారానికొక పూట దాచుకుని బతికింది. ఒంటరితనం ఆవిడ పోయాక మొదలైందనుకున్నాడు. ఆవిడకి అంతకు నాలుగేళ్ళ ముందే మొదలైంది.

"ఉన్నావా అన్నయ్యా?"

"ఉన్నాను."

"ఇంకోటుంది. చెప్పాలో వద్దో అనుకున్నాను. మా అమ్మాయి పాత కెమెరా ఒకటి మా ఇంట్లో పడి ఉండేది, అరచేతిలో పట్టేంత చిన్నది. వదినా నేనూ సరదాకి దాంతో మంగళవారానికి చెరొకటి తీసుకునేవాళ్ళం. ఆవిడ నన్ను, నేను ఆవిడని. టీ తాగుతూ, జుట్టు ఆరబెట్టుకుంటూ, ఊరికే. ఒక్కటీ ప్రింటు వేయించలేదు. వేయిస్తే నేనెక్కడ పెట్టుకుంటాను అనేది వదిన. అన్నీ అందులోనే ఉన్నాయి."

నాలుగేళ్ళ మంగళవారాలంటే రెండు వందల పైచిలుకు. ఆ లెక్క ఆయన బుర్రలో దానంతటదే అయిపోయింది. ఇంట్లో గళ్ళుగళ్ళ ముఖం ఒక్కటి. అక్కడ రెండు వందలు.

"ఆ కెమెరా నాకు కావాలి," అన్నాడు వెంటనే. "దాన్ని పెట్టెలో వెయ్యొద్దు. రేపు పొద్దున తొమ్మిదికి వస్తాను."

అవతల ఖాళీ గదిలో ఎవరో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు. బావ అయి ఉంటాడు.

"ఆరేళ్ళకి నోరు తెరిచి నన్నొకటి అడిగావు," అంది చెల్లెలు చివరికి. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. "కెమెరా."

"అది కాదు నేననేది..."

"నన్ను చెప్పనీ. బుధవారం నేను ఫోన్ చేసి రమ్మంటే ఫోటో సంగతి తేలాలన్నావు. తేలింది. ఇప్పుడు కెమెరా కోసం వస్తానంటున్నావు. కెమెరా కోసమైతే నువ్వు నా ముఖం చూడక్కర్లేదు. పక్కింటివాళ్ళకి ఇచ్చి వెళతాను, మేం పోయాక సోమవారం నాడు వచ్చి తీసుకో. దాని మీద నీకే ఎక్కువ హక్కు, నేను కాదనను. నా కోసమైతే రేపు రా. పొద్దున్నించి తలుపు తీసే ఉంటుంది. నేను మళ్ళీ ఈ ఊరు వస్తానో రానో తెలీదు. దేని కోసం వస్తావో ఇప్పుడే చెప్పు, మీ బావ ఆ పెట్టెకి తాడు కట్టేస్తున్నాడు."

చెప్పాల్సింది రెండే మాటలు, నీ కోసం అని. కోపంతో వెళ్ళకుండా ఉండడం ఇన్నాళ్ళూ ఆయనకి తేలిగ్గానే ఉంది. తప్పు తనదైనప్పుడు ఆ గుమ్మం ఎక్కడం ఎలాగో ఎవరూ నేర్పలేదు. చెల్లెల్ని తను అన్న మాటలన్నీ, పెట్టిన కబుర్లన్నీ, ఇల్లాలు పోయిననాడు ఎత్తని తలతో సహా, ఆ గుమ్మంలోనే నిలబడి ఉంటాయి.

"అన్నయ్యా?"

నోరు తెరిచాడు. మాట రాలేదు. అవతల పెట్టె మీద తాడు బిగుస్తున్న చప్పుడు వినిపించింది.